సుడిగుండానికీ వేళాపాళా ఉన్నది
ప్రకృతి విచిత్రాలు

పిల్లలూ! కిందటి నెల చంద్రుడి కళలను గురించి చెప్పుకున్నాం. "చంద్రుడు ఎక్కడో ఆకాశంలో ఉంటాడు. అమావాస్య అయితేనేం, పున్నమి అయితేనేం, మనకు వచ్చిన నష్టమేమిటి?" అని మీలో కొందరికి అనిపించి ఉండవచ్చు. ఆ లెక్క తప్పినందువల్ల మూడేళ్ల పసివాడితో సహా నలుగురు మనుషులు సముద్రంలో మునిగిపోబోయారు. ఈ నెల ఆ సంగతి చెబుతాను. ఇది కల్పించిన కథ కాదు. 1947 ఆగస్టు 19వ తేదీన నిజంగా జరిగింది.

బ్రిటన్‌కు ఉత్తరపు భాగం స్కాట్లండు. దాని పడమటి తీరం మన తీరంలాగా నున్నగా గీత గీసినట్టు ఉండదు. ఎలుకలు కొరికిన కాగితంలాగా వంకరటింకరగా ఉండి, పక్కనే లెక్కలేనన్ని దీవులు ఉంటాయి. వాటిలో ఒకటి జూరా. జూరాకు ఉత్తరాన స్కార్బా అనే చిన్న దీవి ఉన్నది. ఈ రెండు దీవుల నడుమ సుమారు ఒక కిలోమీటరు వెడల్పున సముద్రం ఉన్నది. దాని పేరు కారీవ్రెకన్ జలసంధి. ప్రపంచంలోని పెద్ద సుడిగుండాలను లెక్కపెట్టేవారు అక్కడి సుడిగుండానికి మూడవ స్థానం ఇస్తారు. అది బాగా రేగినప్పుడు ఆ హోరు 16 కిలోమీటర్ల దూరానికి వినిపిస్తుందని చెబుతారు.

ఇటువంటి చోటికి ఒక కథ లేకుండా ఉంటుందా? ఉన్నది, వినండి.

పూర్వం నార్వే దేశపు రాకుమారుడు బ్రెకన్ అనేవాడు ఈ దీవులకు వచ్చి, అక్కడి ప్రభువు కుమార్తెను చూసి పెళ్ళాడదలచాడు. "మా సుడిగుండంలో లంగరు దించి మూడు పగళ్లూ మూడు రాత్రులూ నీ పడవ నిలిపావంటే నా బిడ్డను ఇస్తాను," అన్నాడు ప్రభువు. బ్రెకన్ తన దేశానికి తిరిగిపోయి పెద్దలను సలహా అడిగాడు. "మూడు మోకులు తీసుకుపో. ఒకటి ఉన్నితో, ఒకటి జనపనారతో, మూడవది కపటమెరుగని కన్యల తలవెంట్రుకలతో పేనినది కావాలి," అన్నారు వాళ్లు. దేశంలోని కన్యలందరూ తమ జడలు కోసి ఇచ్చారు. మొదటి రాత్రి ఉన్నిమోకు తెగింది. రెండవ రాత్రి నారమోకు తెగింది. మూడవ రాత్రి వెంట్రుకల మోకు చాలాసేపు నిలిచింది. కాని వెంట్రుకలు ఇచ్చినవారిలో ఒక పిల్ల మనసులో కపటం ఉన్నదట. ఆ ఒక్క పాయ తెగింది. దానితో మోకంతా తెగింది. పడవ సుడిలో పడి మునిగిపోయింది. బ్రెకన్ పెంచుకున్న కుక్క అతని దేహాన్ని ఒడ్డుకు లాగిందట. కారీవ్రెకన్ అంటే ఆ దేశపు గేలిక్ భాషలో "బ్రెకన్ కొప్పెర" అని కొందరు అర్థం చెబుతారు.

కథ బాగానే ఉన్నది. కాని ఆ కొప్పెరను నిజంగా మరగబెట్టేది ఎవరు? దానికి జవాబు చంద్రుడే.

చంద్రుడు భూమిని తనవైపు లాగుతున్నాడు. నేల మనకు తెలిసేటంతగా కదలదు గాని నీరు కదులుతుంది. అందుచేతనే సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. పొంగటాన్ని పోటు అనీ, తీయటాన్ని ఆటు అనీ అంటాం. ఒక పోటుకూ మరొక పోటుకూ మధ్య కాలం సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ రోజు ఉదయం 6 గంటలకు నిండుపోటు వస్తే, రేపు ఉదయం 6-50 ప్రాంతంలో వస్తుంది. రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయించటం మీరు చూశారు కదా, ఇదీ అంతే.

సూర్యుడు కూడా నీటిని లాగుతాడు, కాని దూరాన ఉండటం వల్ల అతని పట్టు తక్కువ. అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రులిద్దరూ ఒకే వరుసలో ఉండి కలిసి లాగుతారు. అప్పుడు పోటు మరీ పెద్దది, ఆటు మరీ లోతు. అష్టమి ప్రాంతాల ఒకరు ఒకవైపూ, ఇంకొకరు అడ్డంగానూ లాగుతారు. అప్పుడు పోట్లు చిన్నవి. ఒక చిత్రం ఉన్నది: చాలా తీరాలలో పెద్ద పోటు అమావాస్యనాడే రాదు; ఒకటి రెండు రోజులు వెనుకగా వస్తుంది. బరువైన తిరగలిని తోసినప్పుడు వెంటనే వడి అందుకోదు చూశారా? సముద్రమూ అంతే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

మరి నీరు పైకి లేచి కిందికి దిగితే సుడిగుండం ఎందుకు రావాలి?

సముద్రం పొంగాలంటే నీరు ఎక్కడినుంచో రావాలి. విశాలమైన సముద్రంలో ఆ రాకపోకలు మనకు తెలియవు. కాని జూరా తూర్పు పక్కన ఉన్న సముద్రం ఒక సందులాంటిది. పోటునీరు దక్షిణాన ఆ సందులో ప్రవేశించి ఉత్తరానికి పోతూ, కారీవ్రెకన్ ద్వారం కనబడగానే పడమటికి తిరిగి దానిలోనుంచి దూకుతుంది. జాతర విడిచాక జనమంతా ఒక్క వాకిలి గుండా బయటికి రావటం చూశారా? ఆ తోపులాట వంటిదే ఇది. పెద్ద పోట్లనాడు ఆ నీటి వేగం 8½ నాట్లు ఉంటుంది. నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు, అనగా 1,852 మీటర్లు. 8½ నాట్లు అంటే గంటకు సుమారు 16 కిలోమీటర్లు. మీరు సైకిలు బాగా తొక్కితే వచ్చే వేగం. సైకిలు వేగంతో సముద్రమే నడిచిపోతున్నదని ఊహించుకోండి!

ఇది చాలదన్నట్టు, ఆ నీటి అడుగున ఒక పెద్ద రాతి శిఖరం ఉన్నది. చుట్టూ అడుగు సుమారు 70 మీటర్ల లోతున ఉండగా, ఈ శిఖరం కొన నీటిమట్టానికి 29 మీటర్ల దిగువ వరకూ లేచి ఉన్నది. జలసంధి నడుమ మరొకచోట 200 మీటర్లకు పైగా లోతుగల గొయ్యి ఉన్నది. పరుగెత్తే నీరు గోతిలో పడి లేచి, శిఖరానికి కొట్టుకుని పైకి ఎగదన్ని, పక్కలకు చీలి గిరగిర తిరుగుతుంది. ఈ సంగతి మీరు కూడా చూడవచ్చు. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పంటకాలువ దగ్గరికి వెళ్లండి. నీరు వడిగా పారే చిన్న బోదెలో ఒక ఇటుక నిలువుగా పెట్టండి. ఇటుక వెనకాల నీరు చిన్న చిన్న సుడులుగా తిరుగుతుంది. ఒక గడ్డిపోచ వేసి చూడండి, అది ముందుకు పోకుండా అక్కడే తిరుగుతూ ఉంటుంది. కారీవ్రెకన్‌లో ఇటుక బదులు ఒక కొండ ఉన్నది, అంతే.

"అయితే ఆ దారిన ఎవరూ పోకుండా ఉంటే సరిపోతుంది కదా!" అని మీరు అనవచ్చు. అలా కాదు. ఈ సుడిగుండం ఎల్లవేళలా ఉండదు. పోటుకు నీరు పడమటికి పరుగెత్తుతుంది. ఆటుకు అదే నీరు తూర్పుకు పరుగెత్తుతుంది. ఇటు పోయేది ఆగి, అటు తిరిగేముందు కొంచెంసేపు నీరు కదలకుండా నిలిచిపోతుంది. ఉయ్యాల పైకంటా పోయి, వెనక్కు వచ్చే ముందు ఒక్క క్షణం ఆగినట్టు. దీన్ని మనం "నిలకడవేళ" అందాం. ఆ వేళ సముద్రం నెమ్మదిగా ఉంటే చిన్న పడవలు సైతం ఆ ద్వారం దాటుతాయి. అష్టమి పోట్లనాడు ఆ నిలకడ కొంత ఎక్కువసేపు ఉంటుంది. అమావాస్యా పున్నమల పోట్లనాడు కొద్ది నిమిషాలే. అంటే ఆ సుడిగుండానికి ఒక తలుపు ఉన్నది. అది రోజుకు నాలుగుసార్లు తెరుచుకుంటుంది. ఎప్పుడు తెరుచుకుంటుందో లెక్క కట్టటమే పడవవాడి విద్య.

ఆ లెక్క మనం కూడా కట్టి చూద్దాం. పలక, బలపం తెచ్చుకోండి.

పడవవాడి దగ్గర పోటుపట్టిక ఉంటుంది. అది మన పంచాంగం వంటిది. ఏ రేవులో ఏ రోజు నిండుపోటు ఎన్ని గంటలకు వస్తుందో ముందుగానే గుణించి అచ్చువేస్తారు. కారీవ్రెకన్‌కు దగ్గర ఉన్న పెద్ద రేవు ఓబన్. ఓబన్‌లో నిండుపోటు వచ్చిన 4 గంటల 10 నిమిషాలకు కారీవ్రెకన్‌లో నీరు పడమటికి పోవటం మొదలుపెడుతుంది. ఓబన్‌లో నిండుపోటు రావటానికి 2 గంటల 10 నిమిషాల ముందు నీరు తూర్పుకు తిరుగుతుంది.

ఒకనాడు ఓబన్‌లో ఉదయం 6 గంటలకు నిండుపోటు అనుకుందాం. దానికి 4-10 కలిపితే 10-10. అప్పుడు ఒక నిలకడవేళ. అక్కడినుంచి నీరు పడమటికి పోతుంది. తరువాతి నిండుపోటు 6-00కు 12-25 కలిపితే సాయంకాలం 6-25. దానిలోనుంచి 2-10 తీసివేస్తే 4-15. అది రెండవ నిలకడవేళ. అప్పటినుంచి నీరు తూర్పుకు పోతుంది.

మన పడవ జూరాకు పడమటి పక్కన ఉన్నది. మనం జలసంధి దాటి తూర్పుకు పోవాలి. ఉదయం 10-10 మంచిదా, సాయంకాలం 4-15 మంచిదా?

రెండూ నిలకడవేళలే కదా, ఏదైతేనేం అనకండి. మనకు దారిలో ఆలస్యం అయిందనుకోండి. ఉదయమైతే నీరు మనకు ఎదురు తిరుగుతుంది. మన పడవ వేగం 5 నాట్లు, ఎదురు వచ్చే నీటి వేగం 8 నాట్లు. 5 లోనుంచి 8 తీసివేయటం ఎలా? పడవ ముందుకు పోతున్నట్టే ఉంటుంది, మోటారు గర్జిస్తూనే ఉంటుంది. కాని ఒడ్డున ఉన్న కొండను చూస్తే మనం గంటకు 3 మైళ్ల చొప్పున వెనక్కు పోతుంటాం! సాయంకాలమైతే ఆ బాధ లేదు. కొంచెం ఆలస్యమైనా నీరు మనం పోయేవైపుకే పోతుంది. కనుక 4-15 మేలు.

ఇక వెనక్కు లెక్కించాలి. జలసంధి మనకు 10 మైళ్ల దూరంలో ఉంటే, 5 నాట్ల వేగంతో 2 గంటల ప్రయాణం. 4-15 లోనుంచి 2 గంటలు తీసివేస్తే 2-15. మోటారు మొరాయించవచ్చు, ఎదురుగాలి రావచ్చు. అందుకని అరగంట వెసులుబాటు ఉంచుకోవాలి. మధ్యాహ్నం 1-45కు బయలుదేరాలి. ముందుగా చేరితే దగ్గరలో ఉన్న రేవులో పడవ ఆపి కాచుకోవచ్చు. ముందుగా చేరటం తప్పు కాదు. ముందుగా చేరాము కదా అని ముందుగానే దూరటం తప్పు.

ఆలస్యమైతే ఎంత ప్రమాదమో తెలియాలంటే ఇంకొక లెక్క ఉన్నది. పోటు ఆరు గంటలలో వస్తుంది గాని, ఆ ఆరు గంటలూ సమానంగా రాదు. వచ్చే నీటిని 12 కడవలు అనుకుంటే, మొదటి గంటలో 1 కడవ, రెండవ గంటలో 2, మూడవ గంటలో 3, నాలుగవ గంటలో 3, అయిదవ గంటలో 2, ఆరవ గంటలో 1 వస్తాయి. కూడి చూడండి, 12 అయినాయా? అంటే మూడు నాలుగు గంటలలో వడి అన్నిటికన్నా ఎక్కువ. "ఒక్క గంట ఆలస్యమేగా!" అనుకునేవాడు ఒకటి నుంచి రెండుకు పోతాడు, ఇంకో గంటకు మూడుకు పోతాడు.

గాలి సంగతి కూడా చూడాలి. నీరూ గాలీ ఒకేవైపుకు పోతే అలలు పల్చగా ఉంటాయి. నీరు ఒకవైపూ గాలి ఎదురూ అయితే అలలు గోడల్లా నిలువుగా లేస్తాయి. కారీవ్రెకన్‌లో పోటునీరు పడమటికి పోతున్నప్పుడు, అట్లాంటిక్ మహాసముద్రం మీదనుంచి పడమటిగాలి వీచిందా, ఇక పెద్ద పడవలు కూడా ఆ ఛాయలకు పోవు. గాలి బాగా లేకపోతే తిథి ఎంత మంచిదైనా ప్రయాణం మానుకోవాలి.

ఇంకొక చిక్కు. పట్టికలో గంటలు ఏ గడియారం ప్రకారం వేశారో చూసుకోవాలి. బ్రిటన్‌లో వేసవికాలం గడియారాలను ఒక గంట ముందుకు తిప్పుతారు. పట్టిక అసలు టైము చెబుతుంటే, మన చేతి గడియారం గంట ముందు ఉంటుంది. ఆ గంట కలపటం మరిచిపోతే లెక్కంతా తారుమారు. 1947వ సంవత్సరంలోనైతే ఆ దేశంలో గడియారాలను నాలుగుసార్లు తిప్పారు. ఒకసారి ఆగస్టు 10వ తేదీన.

ఇప్పుడు మన అసలు కథకు వద్దాం.

ఆ రోజులలో జూరా దీవి ఉత్తరపు కొసన బార్న్‌హిల్ అనే ఒంటరి ఇంటిలో ఒక రచయిత ఉండేవాడు. ఆయన పేరు జార్జ్ ఆర్వెల్. ఆయన మన దేశంలోనే, బీహారులోని మోతీహారిలో 1903లో పుట్టాడు. పసితనంలోనే తల్లి ఇంగ్లండుకు తీసుకుపోయింది. ఆయన రాసిన "యానిమల్ ఫామ్" అనే పుస్తకం 1945లో వెలువడి పేరు తెచ్చింది. మరొక పెద్ద పుస్తకం రాయటానికి సందడి లేని చోటు కావాలని ఆయన ఆ దీవికి వచ్చాడు. వెంట పెంపుడు కొడుకు రిచర్డ్, చెల్లెలు ఉన్నారు. రిచర్డుకు మూడేళ్లు.

ఆ వేసవిలో మేనల్లుడూ మేనకోడళ్లూ చూడటానికి వచ్చారు. అందరూ కలిసి మోటారు బిగించిన చిన్న పడవలో కారీవ్రెకన్ దాటి, దీవి పడమటి పక్కకు వెళ్లి, అక్కడ రెండు మూడు రోజులు విడిది చేశారు. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ కలగలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆర్వెల్ చెల్లెలూ, ఒక మేనకోడలూ కాలినడకన కొండలు దాటి వస్తామన్నారు. ఆర్వెల్, రిచర్డ్, మేనల్లుడు, ఇంకొక మేనకోడలు పడవ ఎక్కారు.

ఆర్వెల్ పోటుపట్టిక చూడకుండా బయలుదేరలేదు. చూశాడు, కాని లెక్క తప్పింది. ఆయన జలసంధి చేరేసరికి నిలకడవేళ కాదు. ముందు చిన్న చిన్న సుడులు కనబడినాయి. పడవ ఊగసాగింది. ఇంతలో ఫెళ్ళున చప్పుడై, పడవ వెనుక బిగించిన మోటారు ఊడి సముద్రంలో పడిపోయింది!

మేనల్లుడు యువకుడు, బలమైనవాడు. వెంటనే తెడ్లు అందుకున్నాడు. నీటికి ఎదురు పోవటం ఎవరి తరమూ కాదు. పడవ బోర్లపడకుండా మాత్రం నిలబెడుతూ, సుడినుంచి తప్పించుకుంటూ, దగ్గర ఉన్న ఒక రాతి దీవి వైపు లాగాడు. అంత ప్రమాదంలో ఒక సీల్ నీటిలోనుంచి తల ఎత్తి వీళ్లను చూసిందట. "సీళ్లకు కుతూహలం జాస్తి," అన్నట్టు ఆర్వెల్ నిమ్మళంగా మాట్లాడాడట! పిల్లలు భయపడకూడదని కాబోలు.

ఆ దీవి పేరు ఎలన్ మోర్. గేలిక్ భాషలో దాని అర్థం "పెద్ద దీవి". పేరుకే పెద్దది, చూస్తే రాళ్లగుట్ట. మేనల్లుడు తాడు పట్టుకుని రాతిమీదికి దూకాడు. అదే సమయానికి అల వెనక్కు తీసింది. పడవ బోర్లపడింది! ఆర్వెల్, మేనకోడలు, పసివాడు పడవ కిందికి పోయారు. ఆర్వెల్ నీటిలో వెతికి, పడవ కిందనుంచి కొడుకును లాగి పైకి తెచ్చాడు. నలుగురూ ఎలాగో రాయి ఎక్కారు. సామానంతా చాలావరకు పోయింది. ఆర్వెల్ తన లైటరును ఆరబెట్టి, ఎండుగడ్డి పోగుచేసి నిప్పు రాజేశాడు. బట్టలు ఆరాయి, పొగా లేచింది. కొన్ని గంటల తరువాత లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే జాలరులు అటుగా వచ్చి వీళ్లను చూసి, పడవలో ఎక్కించుకున్నారు.

ఆయన రాయటానికి వచ్చిన ఆ పుస్తకం 1949లో వెలువడింది. దాని పేరు "1984". ఈనాటికీ ప్రపంచమంతా దానిని చదువుతున్నారు. పసివాడు రిచర్డ్ పెరిగి పెద్దవాడై, ఆ నాటి సంగతి ఎందరికో చెప్పాడు.

ఇప్పుడు కిందటి నెల పాఠం అక్కరకు వస్తుంది. 1947 మే 20వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. సూర్యగ్రహణం అమావాస్యనాడే వస్తుందని మీకు తెలుసు. ఒక అమావాస్య నుంచి మరొక అమావాస్యకు సుమారు 29½ రోజులు. మూడు అమావాస్యలకు 88½ రోజులు. మే 20 నుంచి లెక్కపెట్టండి. ఎక్కడికి వచ్చారు? ఆగస్టు 16, 17 తేదీలకు. ఆర్వెల్ పడవ ఎక్కింది 19న. అంటే అమావాస్య వెళ్లిన రెండు మూడు రోజులకు! గుర్తుంచుకోమన్నాను చూశారా? సరిగ్గా పెద్ద పోట్ల వేళ అది. నిలకడ కొద్ది నిమిషాలే ఉండే రోజులు. అటువంటి రోజున చిన్న పొరపాటు కూడా చిన్నదిగా ఉండదు. మరొక వారం ఆగి అష్టమి పోట్లకు బయలుదేరితే, అదే పొరపాటుకు అంత శిక్ష పడేది కాదు.

అందుచేత, తెలిసిన పడవవాడు ప్రయాణానికి ముందు ఈ ప్రశ్నలు వేసుకుంటాడు: ఏ తిథి? నిలకడ ఎన్ని గంటలకు? ఎన్నింటికి బయలుదేరాలి? గాలి ఎటు? దారిలో ఆగటానికి రేవు ఎక్కడ? ఏ గంట దాటితే వెనక్కు తిరగాలి? మోటారు పోతే తెడ్లు ఉన్నాయా? ప్రతి ఒక్కరికీ తేలే కోటు ఉన్నదా? మేము ఫలానా వేళకు రాకపోతే వెతకండి అని ఒడ్డున ఎవరితోనైనా చెప్పామా? ఈనాడు పడవలలో ఉపగ్రహాల సాయంతో దారి చూపే యంత్రాలు ఉన్నాయి. అవి మనం ఎక్కడ ఉన్నదీ చెబుతాయి. కాని సముద్రాన్ని మన కోసం ఆపలేవు.

మన దేశంలో ఈ విద్య చాలా పాతది. గుజరాతులోని ఖంభాత్ సింధుశాఖలో పోటుకూ ఆటుకూ తేడా భావనగర్ దగ్గర సుమారు 10 మీటర్లు ఉంటుంది. మూడంతస్తుల మేడ ఎత్తు! మన విశాఖపట్నంలో పెద్ద పోట్లనాడు కూడా తేడా సుమారు ఒకటిన్నర మీటరే. ఆ సింధుశాఖలో, నర్మదానది ఒడ్డున భరుకచ్ఛం అనే గొప్ప రేవు ఉండేది. ఇప్పటి భరూచ్ అదే. 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన "పెరిప్లస్" అనే గ్రంథంలో ఆ రేవు సంగతి ఉన్నది. రాజుగారి కొలువులో ఉన్న అక్కడి జాలరులు పెద్ద పడవలు వేసుకుని సముద్రం లోపలికి వచ్చి, పరదేశపు ఓడలను కలుసుకునేవారట. పోటు మొదలుకాగానే ఓడలను లాగుకుంటూ నడిపేవారు. ఆటు రాగానే లోతైన మడుగులలో లంగరు దించి ఆగేవారు. మళ్లీ పోటు రాగానే కదిలేవారు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే మనవాళ్లు పోటుతో పోట్లాడక, పోటు చేతనే ఓడలను మోయించుకున్నారు!

మన గోదావరి, కృష్ణ మొగల దగ్గర వేటకు పోయేవారిని అడిగి చూడండి. పోటు ఎప్పుడు, మొగ దాటటానికి ఏ వేళ మంచిది అనేది వాళ్లకు నోటిలెక్క. ఏ తిథో చెబితే చాలు, వేళ చెప్పేస్తారు.

చివరకు ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఆర్వెల్ చెల్లెలు తరువాత కొన్నాళ్లకు జూరాలోనే ఉన్న బిల్ డన్ అనే అతనిని పెళ్ళి చేసుకున్నది. అతనికి యుద్ధంలో ఒక కాలు పోయింది. ఆ ఒంటికాలి మనిషి, ఏళ్లు గడిచిన తరువాత, కారీవ్రెకన్‌ను ఈదుకుంటూ దాటాడు! మనకు తెలిసినంతలో దాన్ని ఈదిన మొదటి మనిషి అతనే. అక్కడ ఈదదలచినవారు ఈనాటికీ నీరు నిలిచే వేళ కోసం కాచుకునే దిగుతారు. మోటారు పడవను మింగబోయినదీ, ఒంటికాలివాణ్ణి దాటనిచ్చినదీ ఒకటే నీరు.

ఇక మీ వంతు. ఒకనాడు ఓబన్‌లో ఉదయం 7-30కు నిండుపోటు. మీ పడవ జూరాకు తూర్పు పక్కన, జలసంధికి 5 మైళ్ల దూరంలో ఉన్నది. పడవ వేగం 5 నాట్లు. గాలి లేదు. మీరు పడమటికి పోవాలి. ఏ నిలకడవేళ మేలు? అరగంట వెసులుబాటు ఉంచుకుని ఎన్ని గంటలకు బయలుదేరాలి? జవాబు కింద ఉన్నది గాని, ముందు మీరు కట్టి, తరువాత చూడండి. ఇంట్లో అమ్మనూ నాన్ననూ కూడా కట్టమనండి. ఎవరి పడవ ముందు సుడిలో పడుతుందో తెలుస్తుంది!

జవాబు: 7-30కు 4-10 కలిపితే 11-40. అప్పటినుంచి నీరు పడమటికే పోతుంది గనుక ఆ నిలకడవేళ మేలు. ప్రయాణానికి ఒక గంట, వెసులుబాటుకు అరగంట. ఉదయం 10-10కు బయలుదేరాలి. ముందుగా చేరితే కాచుకోవాలి సుమా!